సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీ పనికిరాదా? అపోహలు – వాస్తవాలు

సేజ్‌మ్యాథ్, పారి, ఆర్ వంటి గణిత సాఫ్ట్‌వేర్లను లినక్స్‌లో సోర్స్ నుంచి కంపైల్ చేసేవాళ్లకు మొదట్లోనే ఒక సందేహం వస్తుంది. పెద్ద పూర్ణాంకాల లెక్కలకు జీఎంపీ, మాత్రికల లెక్కలకు బ్లాస్ అప్పటికే సిస్టమ్‌లో ఉన్నాయి. వాటినే వాడుకోవాలా, లేక అన్నీ మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలా? చాలామంది రెండోదే క్షేమం అనుకుంటారు. విలియం స్టైన్ 2005లో మొదలుపెట్టిన సేజ్ కూడా చాలా ఏళ్లు దాదాపు ప్రతి లైబ్రరీ సోర్సునూ తనతోనే మోసుకొచ్చేది. అప్పట్లో అది అవసరం. ఇప్పుడు అదే అలవాటును పట్టుకుని గంటల తరబడి కంపైల్ చేయడం చాలా సందర్భాల్లో వృథా.

అపోహ: మన మెషీన్ మీద మనం కట్టుకున్న లైబ్రరీయే వేగంగా నడుస్తుంది.

వాస్తవం: ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు బాగా వాడుకలో ఉన్న అట్లాస్ అనే బ్లాస్ లైబ్రరీ, కంపైల్ అయ్యేటప్పుడే రకరకాల పద్ధతులను ఆ ప్రాసెసర్ మీద నడిపి, కాలం కొలిచి, వేగమైనదాన్ని ఎంచుకునేది. కాబట్టి ఏ మెషీన్‌కు కావాల్సినదాన్ని ఆ మెషీన్ మీదే కట్టాల్సి వచ్చేది. గోటోబ్లాస్2 ఆధారంగా 2011లో మొదలైన ఓపెన్‌బ్లాస్ పద్ధతి వేరు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా ఇచ్చే ఓపెన్‌బ్లాస్ ప్యాకేజీలో అనేక తరాల ప్రాసెసర్లకు విడివిడిగా రాసిన కోడ్ ఉంటుంది. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ప్రాసెసర్ ఏదో గుర్తించి, దానికి తగిన కోడ్‌ను నడుపుతుంది.

ఆర్ విషయంలో ఈ అపోహ పూర్తిగా తలకిందులవుతుంది. ఏమీ చెప్పకుండా కంపైల్ చేస్తే ఆర్ తనతో వచ్చిన సాదా బ్లాస్‌నే కట్టుకుంటుంది. పెద్ద మాత్రికల గుణకారంలో అది సిస్టమ్‌లోని ఓపెన్‌బ్లాస్ కన్నా ఎన్నో రెట్లు నెమ్మది. కాన్ఫిగర్ దశలోనే బయటి బ్లాస్‌ను వాడమని చెప్పాలి. తర్వాత ఆర్‌లో సెషన్‌ఇన్ఫో అడిగితే ఏ ఫైలు వాడుతోందో దారితో సహా చూపిస్తుంది.

అలాగని సిస్టమ్‌లో ఉన్నదల్లా వేగమైనదేమీ కాదు. డెబియన్‌లో బ్లాస్ పేరుతో సాదా లైబ్రరీ కూడా దొరుకుతుంది. ఓపెన్‌బ్లాస్ ప్యాకేజీ పెట్టుకున్నామా లేదా, అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌లో ప్రస్తుతం దేన్ని ఎంచుకుని ఉంది అన్నది ఒకసారి చూసుకోవాలి.

అపోహ: జీఎంపీ సిస్టమ్‌లో ఉన్నా కాన్ఫిగర్ లేదంటోంది, కాబట్టి సిస్టమ్ లైబ్రరీ పాడైంది.

వాస్తవం: పాడవలేదు, సగమే ఉంది. డెబియన్, ఉబుంటుల్లో ప్రోగ్రాములు నడవడానికి కావాల్సిన ఫైలు లిబ్‌జీఎంపీ10 ప్యాకేజీలో ఉంటుంది. కంపైల్ చేయడానికి కావాల్సిన హెడర్ ఫైళ్లు లిబ్‌జీఎంపీ-డెవ్ అనే వేరే ప్యాకేజీలో వస్తాయి. ఫెడోరాలో ఇలాంటి ప్యాకేజీల పేరు చివర డెవెల్ అని ఉంటుంది. సేజ్ కాన్ఫిగర్ చివర్లో ఒక పట్టిక ఇస్తుంది: ఏ లైబ్రరీని సిస్టమ్ నుంచి తీసుకుంటుందో, దేనికి తగినది దొరకక సొంతంగా కట్టబోతోందో అందులో వరుసగా ఉంటుంది. దాని కిందే, ఏ ప్యాకేజీలు పెట్టుకుంటే మళ్లీ కట్టే పని తప్పుతుందో ఆ కమాండు కూడా రాసి ఇస్తుంది. దయచేసి ఆ నాలుగు లైన్లు చదవండి. చాలామంది వాటిని దాటేసి నేరుగా మేక్ కొట్టేస్తారు.

అపోహ: లైబ్రరీ మారిస్తే జవాబు మారింది, కాబట్టి సిస్టమ్ లైబ్రరీ తప్పుగా లెక్కిస్తోంది.

వాస్తవం: ముందు లెక్క ఏ రకమో చూడాలి. కంప్యూటర్‌లో 0.1, 0.2 కలిపి తర్వాత 0.3 కలిపితే 0.6000000000000001 వస్తుంది. 0.2, 0.3 ముందు కలిపి దానికి 0.1 చేరిస్తే 0.6 వస్తుంది. దశాంశ సంఖ్యల లెక్కలో కలిపే వరుస మారితే చివరి అంకె మారవచ్చు. ఓపెన్‌బ్లాస్ వంటి బ్లాస్ వేగం కోసం ఆ వరుసను తనకు అనువుగా మార్చుకుంటుంది, పనిని అనేక థ్రెడ్లకు పంచుతుంది. అందుకే సేజ్ పరీక్షల్లో ఇలాంటి జవాబులకు కొంత తేడాను అనుమతించే గుర్తులు పెడతారు.

జీఎంపీ పూర్ణాంకాల లెక్కకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. వెయ్యి అంకెల సంఖ్యలు రెండు గుణిస్తే ఎవరు కట్టిన లైబ్రరీ అయినా ఒకే జవాబు రావాలి. ఒక్క అంకె తేడా వచ్చినా అది కచ్చితంగా లోపమే, దాన్ని వదిలేయకూడదు.

అపోహ: పేరు ఒకటే అయితే ఏ కాపీ అయినా ఒకటే.

వాస్తవం: ప్రమాదం ఉన్నది ఇక్కడే. బ్లాస్ అనేది 1979లో ప్రచురించిన ఒక ఒప్పందం. ఫంక్షన్ల పేర్లు ఒకటే, వాటిని అమలు చేసిన లైబ్రరీలు మాత్రం అనేకం. అదే ఓపెన్‌బ్లాస్‌ను 32 బిట్ల పూర్ణాంకాలతోనూ, 64 బిట్ల పూర్ణాంకాలతోనూ కట్టవచ్చు. ప్రోగ్రామ్ ఒకటి, లైబ్రరీ ఇంకొకటి అనుకుంటే మాత్రిక పరిమాణాన్నే తప్పుగా చదువుకుని ప్రోగ్రామ్ కూలిపోతుంది, లేదా మౌనంగా చెత్త జవాబు ఇస్తుంది.

కోండా ఆన్‌లో ఉన్న టెర్మినల్‌లో కంపైల్ చేయడం ఇంకో చిక్కు. హెడర్ కోండాలోని వెర్షన్‌ది, నడిచేటప్పుడు దొరికే లైబ్రరీ సిస్టమ్‌ది అయ్యే అవకాశం ఉంది. ముందు కోండాను డీయాక్టివేట్ చేయండి. కట్టాక ఎల్‌డీడీ కమాండుతో ప్రోగ్రామ్ ఏ దారిలోని ఫైలును వాడుతోందో చూడండి.

అపోహ: అన్నీ సిస్టమ్‌వి వాడాలి, లేదా అన్నీ సొంతంగా కట్టాలి.

వాస్తవం: ఈ నిర్ణయం లైబ్రరీకొకటిగా తీసుకోవచ్చు. సేజ్‌లో ప్రతి లైబ్రరీకీ అవును, కాదు, తప్పనిసరి అని మూడు మాటల్లో ఏదైనా చెప్పవచ్చు. సిస్టమ్‌లోని వెర్షన్ పాతదైతేనో, కాన్ఫిగర్ చేసే పరీక్షలో నిలవకపోతేనో ఆ ఒక్కదాన్నే కట్టుకుంటుంది. ఆ తిరస్కారాన్ని బలవంతంగా దాటేయకండి; దాని వెనక సాధారణంగా ఎవరికో ఎదురైన లోపం ఉంటుంది. సిస్టమ్‌ను కొత్త విడుదలకు అప్‌గ్రేడ్ చేసినప్పుడు లైబ్రరీల వెర్షన్లు మారితే మాత్రం సేజ్‌ను మళ్లీ కట్టాల్సి రావచ్చు. సిస్టమ్ లైబ్రరీలు వాడుకున్నందుకు చెల్లించే ధర అదొక్కటే.

ఏ దారిలో కట్టినా మేక్ ముగియగానే పరీక్షలన్నీ నడపండి. ఏదైనా తప్పితే కాన్ఫిగ్ లాగ్ ఫైలును చెరిపేయకుండా, ఫిర్యాదుతో పాటే పంపండి.