'గో'కి 'వెంట్' ఎక్కడి నుంచి వచ్చింది?

 

పోయిన వారం స్టడీ అవర్లో 6వ తరగతి తమ్ముడొకడు "ఐ డిడ్ నాట్ వెంట్ హోమ్" అన్నాడు. అందరం నవ్వాం. గట్టిగా నవ్వింది నేనే. అప్పటినుంచి వాడు ఇంగ్లీషులో నోరు విప్పటం లేదు. అందుకే ఈ వ్యాసం.

ఇంగ్లీషులో చాలా క్రియలకు చివర 'ఎడ్' చేరిస్తే భూతకాలం అవుతుంది. వాక్ - వాక్డ్, ప్లే - ప్లేడ్. మరి గో - వెంట్ ఏమిటి? అసలు 'వెంట్' అనేది 'గో' సొంత బిడ్డ కాదు. 'వెండ్' అనే వేరే క్రియకు భూతకాలం. సెండ్ - సెంట్, లెండ్ - లెంట్ లాగే వెండ్ - వెంట్. పాత ఇంగ్లీషులో 'గో'కి వేరే భూతకాల రూపం ఉండేది. అది క్రమంగా వాడుకలోంచి పోయింది. 500 ఏళ్ల కిందటికే ఆ చోట్లో 'వెంట్' వచ్చి కూర్చుంది.

వాడే పద్ధతి ఇది:

1. ఐ వెంట్ హోమ్ ఎస్టర్డే - నిన్న ఇంటికి వెళ్లాను.
2. ఐ డిడ్ నాట్ గో - నేను వెళ్లలేదు. భూతకాలాన్ని 'డిడ్' మోస్తుంది. ఒక కావడిని ఇద్దరు మోయరు కదా! అందుకని 'గో' మారదు.
3. డిడ్ యు గో? - వెళ్లావా? ఇక్కడా అంతే.
4. హి హాజ్ గాన్ హోమ్ - ఇంటికి వెళ్లాడు, ఇంకా తిరిగి రాలేదు. హాజ్, హావ్, హాడ్ పక్కన 'గాన్' రావాలి.

తెలుగు మాత్రం తక్కువా? 'వచ్చాడు' అంటాం గాని 'వచ్చలేదు' అనం, 'రాలేదు' అంటాం. మా ఇంట్లో కోయ మాట్లాడతాం. నేను 3వ తరగతిలో హాస్టల్లో చేరిన కొత్తలో, ఒక ఆదివారం మా అయ్య నన్ను చూడటానికి రాలేదు. "మా అయ్య వచ్చలేదు" అని ఏడ్చాను. పిల్లలు నవ్వారు. నా ఏడుపుకి కాదు, నా మాటకి. చాలా రోజులు తెలుగు మాట్లాడాలంటే భయమేసింది. మొన్న నవ్వేటప్పుడు ఆ సంగతే మరిచిపోయాను.

ఆ తమ్ముడు 'గో'కి భూతకాలం 'వెంట్' అని సరిగ్గానే గుర్తుపెట్టుకున్నాడు. భూతకాలాన్ని రెండుసార్లు వాడాడు, అంతే. తెలియనివాడు చేసే తప్పు కాదది, నేర్చుకుంటున్నవాడు చేసే తప్పు.

తమ్ముడూ, నీ తప్పుకన్నా నా నవ్వు పెద్ద తప్పు. రేపు స్టడీ అవర్లో నా పక్కన కూర్చో. నువ్వు ఇంగ్లీషులో చెప్పు, నేను వింటాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి