రిమోట్ జీపు మొరాయిస్తోందా? షాపుకు పంపే ముందు...

వేసవి సెలవుల్లో ముచ్చటపడి కొన్న రిమోట్ జీపు నెల తిరక్కుండానే కదలనని మొండికేసిందా? "అమ్మా, బండి చచ్చిపోయింది" అని పిల్లాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. "అంత డబ్బు పోసి కొంటే బుగ్గి చేశావు" అని వాళ్ళ నాన్నగారు గొంతు పెంచుతారు. మధ్యలో నలిగేది ఎవరో వేరే చెప్పాలా? (ఈ జీపుల పిచ్చి పదేళ్ళ పిల్లలకే కాదు, నలభై ఏళ్ళ పిల్లలకూ ఉంటుంది. ఆ ఇళ్ళలోని ఇల్లాళ్ళూ ఈ పేజీ చదవచ్చు!)

ఇక్కడ చెప్పేది రివ్వున దూసుకుపోయే రేసు కారు గురించి కాదు, 'క్రాలర్' గురించి. పేరుకు తగ్గట్టే ఇది పాకుతుంది. అసలు జీపులో పదోవంతు ఉంటుంది. మెత్తటి పెద్ద టైర్లతో రాళ్ళూ గుట్టలూ నింపాదిగా ఎక్కుతుంది. అమెరికాలో ఈ సరదా బాగా ముదిరింది. అక్కడి ట్రాక్సాస్, యాక్సియల్ కంపెనీల బళ్ళకు మంచి పేరుంది. చైనా నుంచి చవక రకాలూ వస్తున్నాయి. మన హైదరాబాదు చుట్టుపక్కల బండరాళ్ళకు కొదవే లేదు గనక, ఆడుకోవడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు.

బండి ఆగిపోగానే చాలామంది చేసే పని, ఏదో ఒక భాగం కొని మార్చేయడం. స్పీడ్ కంట్రోలర్ మారుస్తారు, తగ్గదు. రిమోట్ మారుస్తారు, తగ్గదు. తీరా చూస్తే ఊడిపోయిన సన్నటి వైరు! జ్వరమో అజీర్ణమో తెలియకుండా ఇంట్లో ఉన్న మాత్రలన్నీ మింగినట్టు ఉంటుంది ఈ వైద్యం. అసలు జబ్బు ఎక్కడుందో కనిపెట్టడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదండీ. ఏది పనిచేస్తోంది, ఏది పనిచేయడం లేదు అని వరసగా చూసుకుంటే చాలు.

లోపల ఎవరి పని ఏమిటి?

పైనున్న ప్లాస్టిక్ బాడీ ఎత్తి చూడండి. పెద్ద బ్యాటరీ ఒకటి కనిపిస్తుంది. దాని వైర్లు వెళ్ళి కలిసే పెట్టే స్పీడ్ కంట్రోలర్. దాన్నుంచి లావుపాటి వైర్లు మోటారుకు వెళతాయి. సన్నటి మూడు తీగల వైరు ఒకటి రిసీవర్‌కు వెళుతుంది. రిసీవర్ అంటే మన చేతిలోని రిమోట్ చెప్పే మాట వినే చెవి. దాని నుంచి ఇంకో సన్నటి వైరు 'సర్వో' అనే బుల్లి మోటారుకు పోతుంది. ముందు చక్రాలను కుడికీ ఎడమకీ తిప్పేది అదే.

అసలు కిటుకు ఒకటుంది. రిసీవర్‌కు వేరే బ్యాటరీ ఉండదు. స్పీడ్ కంట్రోలరే పెద్ద బ్యాటరీ కరెంటును ఐదారు వోల్టులకు తగ్గించి, ఆ సన్నటి వైరు ద్వారా రిసీవర్‌కూ సర్వోకూ పంపుతుంది. బిందెలోంచి చెంబుతో ముంచి ఇచ్చినట్టన్నమాట. అంటే స్పీడ్ కంట్రోలర్‌ది రెండు చేతుల పని. మోటారును నడపడం ఒకటి, మిగతావాళ్ళకు కరెంటు వడ్డించడం రెండోది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే సగం జబ్బులు వాటంతటవే తెలిసిపోతాయి.

పరీక్ష చేసేటప్పుడు జీపును బోర్లించిన డబ్బా మీద, నాలుగు చక్రాలూ గాలిలో ఉండేట్టు నిలబెట్టండి. లేకపోతే ఉన్నట్టుండి ఉరికి టేబుల్ మీంచి పడుతుంది. ముందు రిమోట్ ఆన్ చేయాలి, తర్వాతే జీపు. ఆపేటప్పుడు తిరగేసి - ముందు జీపు, తర్వాత రిమోట్. ఈ వరస తప్పితే కొన్ని బళ్ళు చెప్పిన మాట వినకుండా పరుగెత్తుతాయి.

అసలు ఉలుకూ పలుకూ లేకపోతే

లైటు లేదు, చప్పుడు లేదు అంటే ముందు బ్యాటరీనే అనుమానించండి. మల్టీమీటర్ ఉంటే పెట్టి చూడండి. రెండు సెల్లుల లైపో బ్యాటరీ నిండుగా ఉంటే 8.4 వోల్టులు చూపాలి. 6.4 దగ్గరికి వస్తే ఇక ఆట ఆపి చార్జింగ్ పెట్టాల్సిందే. బ్యాటరీ బాగుండి కూడా లైటు వెలగకపోతే ప్లగ్గు నల్లబడిందేమో, స్విచ్చిలో బురద చేరిందేమో చూడాలి.

జీపు మీద లైటు వెలుగుతోంది, కానీ ఏదీ కదలడం లేదంటారా? అయితే చెవికి మాట చేరడం లేదు. రిమోట్‌లోని పెన్సిల్ సెల్లులు కొత్తవి వేయండి. పాతవీ కొత్తవీ కలపొద్దు. అప్పటికీ పలక్కపోతే రిమోట్‌కూ రిసీవర్‌కూ జత విడిపోయి ఉండొచ్చు. మళ్ళీ జత కలపడాన్ని 'బైండింగ్' అంటారు. రిసీవర్ మీది చిన్న మీట నొక్కి పట్టుకునో, ఒక చిన్న ప్లగ్గు పెట్టో చేస్తారు. ఏ కంపెనీది ఎలాగో దాని కాగితంలో ఉంటుంది. ఆ కాగితం పారేయకండి.

ఇక్కడే డబ్బు దండగయ్యేది. ఒక కంపెనీ రిమోట్ ఇంకో కంపెనీ రిసీవర్‌తో సాధారణంగా జత కలవదు. ఒకే కంపెనీవైనా రకం వేరైతే కలవకపోవచ్చు. కొనే ముందు రిసీవర్ మీద రాసి ఉన్న పేరూ నంబరూ ఫోటో తీసుకుని వెళ్ళండి.

ఇటు తిరుగుతుంది, అటు నడవదు

ముందు చక్రాలు కుడిఎడమలకు చక్కగా తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలడం లేదు అనుకోండి. బ్యాటరీ బాగున్నట్టే, రిమోట్ బాగున్నట్టే, కరెంటు వడ్డన కూడా బాగున్నట్టే. మిగిలింది స్పీడ్ కంట్రోలర్ రెండో చేయి, మోటారు, లేదా రిమోట్‌లో ట్రిగ్గర్ వైపు భాగం.

దీన్ని తేల్చడానికి మార్పిడి పరీక్ష ఉంది. రిసీవర్‌లో ఒకటో నంబరు గుంటలో సర్వో వైరు, రెండో దాంట్లో స్పీడ్ కంట్రోలర్ వైరు ఉంటాయి. బండి ఆపేసి, ఆ రెండూ అటుదిటు మార్చండి. నల్ల తీగ (కొన్నిటికి ముదురు గోధుమరంగు) ముందు ఏ పక్కన ఉందో అదే పక్కకు రావాలి. ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కితే చక్రాలు పక్కకు తిరగాలి. రిమోట్ మీది చక్రం తిప్పితే బండి నడవాలి. నడిచిందా? అయితే మోటారూ కంట్రోలరూ నిక్షేపంగా ఉన్నాయి. తప్పు రిమోట్ ట్రిగ్గర్‌లోనో రిసీవర్ రెండో గుంటలోనో ఉంది. అప్పటికీ నడవకపోతే కంట్రోలర్‌నో మోటారునో చూడాలి. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. నన్నడిగితే దీన్ని మించింది లేదు. అయితే చవక రకాల్లో రిసీవరూ కంట్రోలరూ ఒకే పలక మీద ఉంటాయి. వాటికి ఈ సదుపాయం లేదు.

మోటారుకు రెండే వైర్లుంటే ఇంకో పరీక్ష కూడా చేయొచ్చు. వాటిని కంట్రోలర్ నుంచి విడదీసి, నాలుగు పెన్సిల్ సెల్లులు పట్టే డబ్బీ వైర్లకు ఒక్క క్షణం తాకించండి. గిర్రుమంటే మోటారు బతికే ఉంది. మూడు వైర్లున్న మోటారుకు మాత్రం ఇలా చేయకండి.

ఇంకో ముచ్చట. "ముందుకు పోతోంది గానీ రివర్స్ పడటం లేదు" అని చాలామంది షాపుకు తెస్తారు. కొన్ని కంట్రోలర్లలో ట్రిగ్గర్ మొదటిసారి వెనక్కి నొక్కితే బ్రేకు, వదిలి మళ్ళీ నొక్కితే రివర్స్. అది జబ్బు కాదు, ఏర్పాటు. రాళ్ళెక్కే బండికి నేరుగా రివర్స్ పడే పద్ధతే మేలు. హాబీవింగ్ 1060 లాంటి కంట్రోలర్లలో సూదుల్లాంటి పిన్నుల మీద ఉండే బుల్లి టోపీని తీసి పక్క పిన్నులకు తొడిగితే సరిపోతుంది.

ముట్టుకోకుండానే బండి మెల్లగా పాకుతుంటే రిమోట్ మీద 'ట్రిమ్' అనే చిన్న గుండీ పక్కకు జరిగిందేమో చూడండి. దాన్ని నడిమికి తెచ్చి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా జీపు ఆన్ చేసి మూడు సెకన్లు ఆగండి. చాలా కంట్రోలర్లు ఆ మూడు సెకన్లలోనే 'ఆగి ఉండటం' అంటే ఏమిటో నేర్చుకుంటాయి. పిల్లలకు ఆ మూడు సెకన్ల ఓపికే ఉండదు!

రాయి ఎక్కబోయి మూర్ఛపోతుంటే

చదునైన నేల మీద బ్రహ్మాండంగా పోతుంది. రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని చక్రాలు తిప్పగానే అంతా ఆగిపోయి, క్షణం తర్వాత మళ్ళీ లేస్తుంది. రిమోట్ పాడైందని అందరూ అనుకునేది ఇక్కడే. కానీ చూడండి, గ్రైండర్ వేయగానే ఇంట్లో లైటు మసకేయదూ? ఇదీ అంతే. రాయికి ఆనుకున్న టైరును బలవంతంగా తిప్పడానికి సర్వో ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది. కంట్రోలర్ వడ్డించగలిగేది సాధారణంగా రెండు మూడు ఆంపియర్లు. బలమైన సర్వోకు అది చాలదు. వోల్టేజి పడిపోగానే రిసీవర్ ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది.

ఇది తేల్చుకోవడానికి సర్వో వైరు ఊడదీసి నడిపి చూడండి. బండి ఇక ఆగకపోతే దోషం కరెంటు వడ్డనదే. రిమోట్‌లో స్టీరింగ్ ఎంత దూరం తిరగాలో తగ్గించే ఏర్పాటుంటుంది. చక్రం చివరికంటా వెళ్ళి గుద్దుకుని మూలగకుండా కాస్త తగ్గిస్తే చాలాసార్లు తగ్గిపోతుంది. పెద్ద సర్వో వేయించి ఉంటే మాత్రం దానికి కరెంటు విడిగా ఇచ్చే 'బీఈసీ' అనే చిన్న భాగం కొనక తప్పదు. కొత్త రిమోట్ మాత్రం వద్దు.

దూరం వెళితే ఆగిపోతోందా? రిసీవర్ నుంచి వచ్చే సన్నటి యాంటెన్నా తీగ తెగిందేమో, మోటారు పక్కన చుట్టలా పడి ఉందేమో చూడండి. దాన్ని కత్తిరించకూడదు, నిటారుగా నిలపాలి. అవునూ, ఈ రిమోట్లు పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలూ మన వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ తరంగాలూ ఇంచుమించు ఒకటే. అయినా ఇప్పటి రిమోట్లు చిటికెలో దారి మార్చుకుంటాయి గనక, నేరం మీ ఓవెన్ మీదికి తోస్తే ఊరుకోకండి.

కాసేపు నడిచి కంట్రోలర్ కాలిపోయేంత వేడెక్కి ఆగుతుంటే చక్రాల ఇరుసులు చూడండి. మన పొడుగు వెంట్రుకలు, కుట్టుమిషను దారం ముక్కలు, చీరల జరీ పోగులు అక్కడ చుట్టుకుని బిగిసిపోతాయి. చక్రం విప్పి, చిన్న కత్తెరతో తీసేస్తే మోటారు భారం దిగిపోతుంది.

నీళ్ళలో దిగిన బండికి ముందు బ్యాటరీ ఊడదీయాలి. ఫ్యాను కింద, నీడలో ఒక రోజంతా ఆరనివ్వాలి. బియ్యం డబ్బాలో పెట్టకండి. తడిసిన ఫోన్లనే బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ కంపెనీ 2024లో చెప్పింది. ఆ పొడి లోపలికి పోతుంది, బియ్యమూ దండగ. డబ్బా మీద 'వాటర్‌ప్రూఫ్' అని రాసినా, అది ఒక్క కంట్రోలర్‌కేనా లేక రిసీవర్‌కూ సర్వోకూ కూడానా అని అడగండి.

ఇది మాత్రం ఈ రోజే చూడండి

పైవన్నీ తీరిగ్గా చూసుకోవచ్చు. ఇది మాత్రం ఆగకూడదు. కంట్రోలర్‌లో బ్యాటరీ రకం చెప్పే ఏర్పాటు ఒకటుంది - లైపోనా, నికెల్‌దా అని. పాత నికెల్ బ్యాటరీ తీసి లైపో పెట్టుకుని, ఈ ఏర్పాటు మార్చడం మరిచిపోతారు. అప్పుడు కంట్రోలర్ ఆపాల్సిన చోట ఆపదు. బ్యాటరీని అడుగంటా పిండేస్తుంది. బండికి ఏ రోగమూ కనిపించదు. పైగా "ఎక్కువసేపు నడుస్తోందే" అని పిల్లలు సంబరపడతారు! అలా పిండిన లైపోను మళ్ళీ చార్జింగ్ పెడితే ఉబ్బుతుంది, ఒక్కోసారి భగ్గుమంటుంది. హాబీవింగ్ 1060లో ఇది కూడా బుల్లి టోపీయే. ట్రాక్సాస్ ఎక్స్‌ఎల్-5 రకంలో ఆకుపచ్చ లైటు వెలిగితే లైపోకు రక్షణ ఉన్నట్టు, ఎరుపు వెలిగితే లేనట్టు.

నిజానికి మెల్లగా నడుస్తూ చటుక్కున ఆగిపోయే బండి చాలాసార్లు పాడైంది కాదు, బ్యాటరీ తక్కువైందని తనే ఆగిన బుద్ధిమంతురాలు. "ఆగకుండా ఆ సెట్టింగ్ తీసేద్దాం" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి.

చార్జింగ్ గచ్చు నేల మీద పెట్టించండి. పరుపు మీద వద్దు, గ్యాసు స్టవ్ దగ్గర వద్దు, రాత్రి పెట్టి పడుకోవడం అసలే వద్దు. లైపోకు లైపో చార్జరే వాడాలి. నాలుగు రోజులు ఆడకపోతే నిండుగా కాకుండా, సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచాలి. అప్పడంలా ఉబ్బిన బ్యాటరీని నొక్కి చూడకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి. పాత మట్టికుండలో ఇసుక పోసి, అందులో పెట్టి, మూత బిగించకుండా ఆరుబయట ఉంచండి. వీలైనంత తొందరగా ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట అప్పగించండి.

ఇన్ని చూశాక కూడా షాపుకు పంపాల్సివస్తే జీపొక్కటే పంపితే లాభం లేదు. రిమోట్, చార్జరు, ఉబ్బకుండా బాగున్న బ్యాటరీ కూడా ఇచ్చి పంపండి. చీటీ మీద "చక్రాలు తిరుగుతాయి, బండి నడవదు, వైర్లు మార్చి చూశాం" అని రాసి పెట్టండి. పాత భాగం మారిస్తే దాన్ని వెనక్కి ఇమ్మనండి.