మగ గినీపందుల పెద్దరికము

1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల కాచిగూడకు అనతిదూరమున, తార్నాకలో ఉన్నది. ఇట్టి పరిశోధనలకు గినీపంది ఎంతయో తోడ్పడినది. మనవలెనే అదియు 'సి' విటమినును తన దేహములో తయారుచేసికొనలేదు. దానిని పెంచువారికి దాని నడత కూడ తెలియవలెను.

రెండు మగపిల్లలను ఒకే గూటిలో ఉంచినచో, రెండు మూడు నెలల వయసున ఒకటి గుర్రుమనుచు, నడుము అటునిటు ఊపుచు రెండవదాని చుట్టు తిరుగును, దానిపైకి ఎక్కును. ఇది పోరాటము కాదు, పెద్ద ఎవరో తేల్చుకొనుట. రెండవది తొలగిపోయినచో తగవు తీరినట్లే. పండ్లు టకటకలాడించుట, మెడవెంట్రుకలు నిక్కించుట హెచ్చరికలు. కరచుకొని రక్తము వచ్చినచో వెంటనే విడదీయవలెను. అయితే వట్టిచేయి నడుమ పెట్టరాదు.

ఈ సర్దుబాటు కొంత నేర్చుకొనవలసినదే. గుంపులో పెద్ద మగవాటి నడుమ పెరిగినది కొత్తదానితో సాధారణముగ పోరులేక సర్దుకొనుననియు, ఒంటరిగ పెరిగినది కలియబడుననియు జర్మను శాస్త్రజ్ఞుడు నోర్బర్ట్ సాక్సర్, ఆయన సహచరులు చూపిరి. కావున గుర్రుమన్నంతనే విడదీసినచో ఆ పాఠము తప్పిపోవును.

విశాలమైన గూడు, రెండు మరుగుచోట్లు, రెండు ఆహారపాత్రలు ఏర్పరుపుడు. ఆడవాటిని దూరముగ ఉంచుడు. పిమ్మట ఏది తొలగుచున్నదో దినదినము వ్రాసికొనుడు. పెద్దరికము మీకే తెలియును.