ఇంటి వడ్రంగానికి డ్రిల్లు యంత్రం

బల్లపై నిలిపే డ్రిల్లు యంత్రం కొనబోతే దుకాణదారు ముందుగా మోటారు శక్తినే వర్ణిస్తాడు. మీరు మొదట చూడవలసింది స్తంభానికీ చక్కు మధ్యభాగానికీ గల దూరం. అది 10 సెంటీమీటర్లయితే, 20 సెంటీమీటర్ల కంటే వెడల్పైన పలకకు నడిమధ్య రంధ్రం వేయలేరు. బిట్టు ఎంత లోతుకు దిగుతుందో కూడా అడగండి. 50 మిల్లీమీటర్లే దిగే యంత్రం, 75 మిల్లీమీటర్ల మంచం కోడును ఒక్క దింపులో తొలచలేదు. పెద్ద బిట్లకు వేగం బాగా తగ్గాలి, లేకుంటే కొయ్య మాడుతుంది.

చేత్తో పట్టిన చెక్క ఒకసారి బిట్టుకు చిక్కి గిర్రున తిరిగి నా బొటనవేలిని చీల్చింది. అందుచేత చెక్కను బిగించడానికి గాడులున్న బల్ల తప్పనిసరి. చేతి తొడుగులు మాత్రం వద్దు, అవి బిట్టుకు చుట్టుకుంటాయి. డబ్బు చెల్లించే ముందు చక్కులో తిన్నని ఉక్కు కడ్డీ బిగించి, చేత్తో తిప్పి చూడండి. కొన ఊగితే ఆ యంత్రాన్ని అక్కడే వదిలి రండి.