ట్రాలీకి తాళంచెవి ఉండదు, కాపలా మనమే పెట్టుకోవాలి

ఈసారి వీడియో జీవామృతం మీద కాదు, ట్రాక్టర్ ట్రాలీ మీద.

పోయిన ఏడాది మిరుగుకు నాలుగు రోజుల ముందు ఘనజీవామృతం బస్తాలు ట్రాలీకి ఎత్తి, తెల్లారి చల్లుదామని గట్టు దగ్గరే వదిలేసి ట్రాక్టర్ ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నా. పొద్దున పోయి చూస్తే బస్తాలన్నీ కింద పడేసి ఉన్నాయి, ట్రాలీ లేదు. వేరే ట్రాక్టర్ టైర్ల గుర్తులు రోడ్డు దాకా కనిపించాయి.

ట్రాలీకి ఇంజిన్ లేదు, తాళం లేదు. ఏ ట్రాక్టర్ వచ్చి పిన్ను వేసినా నిమిషాల్లో కదులుతుంది. రాత్రిపూట రోడ్డు మీద పోతున్నా ఎవరూ అనుమానించరు.

అంతకంటే పెద్ద దెబ్బ పోలీస్ స్టేషన్‌లో తగిలింది. ఛాసిస్ నంబర్ అడిగితే చెప్పలేకపోయా. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, కాగితాలు నా పేరు మీదికి మార్చుకోలేదు. సరైన ఫోటో కూడా లేదు. "ఎర్ర ట్రాలీ సార్" అంటే ఏం లాభం? చుట్టుపక్కల ఊళ్లలో సగం ట్రాలీలు ఎరుపే. అది మళ్లీ దొరకలేదు.

ఇప్పుడున్న ట్రాలీకి నేను చేస్తున్నవి ఇవి:

1. రింగు తాళం: ట్రాలీ ముందు రింగులో పట్టేంత లావు ఇనుప పిన్ను వెల్డింగ్ షాపులో చేయించా. ఒక చివర రింగు కంటే వెడల్పు బిళ్ల, రెండో చివర తాళం కప్పకు రంధ్రం. రింగు నిండిపోతే ట్రాక్టర్ పిన్ను దిగదు.

2. గొలుసు: తాడు కట్టి లాక్కుపోకుండా చక్రం డిస్కు రంధ్రంలోంచి ఇరుసు చుట్టూ మందపాటి గొలుసు తిప్పి, చెట్టుకో కాంక్రీటులో పాతిన కొక్కానికో తాళం వేయాలి. గొలుసు నేల మీద ఆనకూడదు, నేలకు ఆనితే సుత్తితో కొట్టడం తేలిక.

3. నిలిపే చోటు: ఇంటి దగ్గరైతే రింగు గోడ వైపు పెట్టాలి. చేలో తప్పదంటే రోడ్డుకు కనపడకుండా నిలపాలి. పని లేని నెలల్లో ఇరుసు కింద గట్టి దిమ్మెలు పెట్టి ఒక చక్రం ఊడదీసి ఇంట్లో పెట్టుకుంటున్నా.

4. గుర్తు: కంటికి కనపడని రెండు చోట్ల వెల్డింగ్‌తో నా గుర్తు వేయించా. ఛాసిస్ నంబర్, నాలుగు వైపుల ఫోటోలు ఫోన్లో ఉన్నాయి.

5. కాగితాలు: ట్రాలీకి ట్రాక్టర్‌తో సంబంధం లేకుండా విడిగా రిజిస్ట్రేషన్ ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌ది కొంటే ముందు పేరు మార్పించుకోండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే దొంగతనానికి రూపాయి రాదు.

ఒకవేళ పోతే వెంటనే 112కి ఫోన్ చేయండి. ఆ రోజే దారిలో ఉన్న పెట్రోల్ బంకుల సీసీ కెమెరాలు చూపించమని అడగండి. ఆలస్యమైతే పాత రికార్డింగ్ చెరిగిపోతుంది.

ఇవన్నీ ఉన్నా దొంగ రాడని చెప్పను. కానీ పని లేటయ్యే కొద్దీ వాడికి భయం. నేను ఆ రాత్రి ఒక్క తాళం కప్ప కూడా వేయలేదు. ఆ సీజన్ అంతా కిరాయి ట్రాలీతోనే గడిచింది.

పిన్ను ఎలా చేయించాలో, గొలుసు ఎలా తిప్పాలో వీడియోలో చూపించా. చూసి, ఈ వారంలోనే మీ ట్రాలీ ఛాసిస్ నంబర్ ఫోటో తీసి పెట్టుకోండి. దానికి ఖర్చు ఏమీ లేదు.