నక్షలో పార్కు.. నేలపై సైటు!

లేఅవుట్లలో ఖాళీ జాగా ఎంత వదలాలి? ఎవరికి అప్పగించాలి?
కొనేముందు చూసుకోకపోతే తర్వాత చెట్టు నీడకూ కరువే

బళ్లారి, మా ప్రతినిధి: బ్రోచరు తెలుగులో ఉంది. రంగురంగుల బొమ్మలు. మధ్యలో పచ్చటి పార్కు, అందులో ఉయ్యాల, రాతి బెంచీలు. ‘పార్కు ఎదురు సైటు, గజానికి కొంచెం ఎక్కువవుతుంది’ అన్నారు. పిల్లలు ఆడుకుంటారు, పెద్దయ్యాక మేమూ సాయంత్రం కూర్చుంటామని ఈ విలేకరి చిన్నాన్న ఆ ఎక్కువ కూడా ఇచ్చి సైటు తీసుకున్నారు. ఊరి చివర లేఅవుటు. అప్పటికింకా కంకర రోడ్డే.

పదేళ్లు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే పార్కు జాగాలో సున్నం గీతలు! మధ్యాహ్నానికి పునాది తీసే కూలీలొచ్చారు. చిన్నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తారు.

“ఏమప్పా, ఇది పార్కు కదా?”

“ఏ పార్కు పెద్దాయనా? ఇక్కడ ఒక్క చెట్టన్నా ఉందా? ఇది మా ఓనరు ఉంచుకున్న జాగా.”

“అట్లంటే ఎట్ల? పార్కు అని చెప్పే కదా మాకు అమ్మితిరి!”

“చెప్పినోణ్ణి అడుగు పో..”

చెప్పినవాడు ఊళ్లో లేడు. చేతిలో ఉన్నది బ్రోచరు. అసలు నక్షె ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. దొరికాక చూస్తే అది కన్నడంలో ఉంది. తెలుగు బడిలో చదువుకున్న చిన్నాన్నకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ జాగా మీద ‘ఉద్యానవన’ అని రాసి ఉందని పక్కింటి కుర్రాడు చదివి చెప్పాడు. ఆ ఒక్క మాటే ఆ పునాదిని ఆపింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఊరు నాలుగు దిక్కులా పెరుగుతున్న బళ్లారిలో సైటు కొనే ప్రతి కుటుంబమూ తెలుసుకోవాల్సిన సంగతి.

ఒకప్పుడు ఒకే చట్టం

సరిహద్దుకు ఇవతల ఒక రూలు, అవతల ఒక రూలు అని మనవాళ్లు తరచూ అంటుంటారు. అయితే రెండింటి మూలం ఒక్కటే. మద్రాసు రాష్ట్రంలో ఉన్నన్నాళ్లూ బళ్లారికి, ఆదోనికి, రాయదుర్గానికి వర్తించింది 1920 నాటి మద్రాసు టౌన్ ప్లానింగు చట్టమే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్లారి మైసూరులో కలిసింది. అక్కడి నుంచి దారులు వేరయ్యాయి.

కర్ణాటకలో 1961లో టౌన్ అండ్ కంట్రీ ప్లానింగు చట్టం చేశారు. 1965లో అమల్లోకి వచ్చింది. నేలను సైట్లుగా విడగొట్టాలంటే ప్లానింగు అథారిటీ మంజూరు కావాలని ఆ చట్టం 17వ సెక్షను చెబుతుంది. తర్వాత 1987లో పట్టణాభివృద్ధి ప్రాధికారాల చట్టం వచ్చింది. జనం నోట్లో నానే ‘బుడా’ ఆ చట్టం కింద ఏర్పడిన సంస్థే.

ఎంత వదలాలి?

ప్రాధికారం తానే వేసే లేఅవుట్లలో మొత్తం నేలలో 15 శాతానికి తగ్గకుండా పార్కులు, ఆటస్థలాలకు, దానికి అదనంగా 10 శాతానికి తగ్గకుండా పౌర సౌకర్యాలకు వదలాలన్నది చట్టం పెట్టిన లెక్క. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, గ్రంథాలయం లాంటివి ఈ రెండో కోవలోకి వస్తాయి. వీటినే ‘సీఏ సైట్లు’ అంటారు. ప్రైవేటు లేఅవుట్లకు తర్వాతి కాలంలో 10 శాతం పార్కు, 5 శాతం సీఏ అన్న లెక్క వాడుకలోకి వచ్చింది. కాబట్టి పాత లేఅవుటయితే ప్లాను ఏ ఏడాది మంజూరైందో ముందు చూసుకోవాలి.

అవతల ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి లేఅవుటు నిబంధనల ప్రకారం ఖాళీ స్థలం 10 శాతం. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించడానికి అక్కడ 2020లో తెచ్చిన పథకంలో ఇంకో మెలిక ఉంది. 10 శాతం వదలని చోట ప్లాటు యజమానే రిజిస్ట్రేషను నాటి విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కింద కట్టుకోవాలని అప్పట్లో పెట్టారు. అంటే నేల మింగింది లేఅవుటు వేసినవాడు, డబ్బు కట్టింది కొన్నవాడు! పైగా ఆ డబ్బుతో ఆ వీధిలోనే పార్కు మొలవదు.

తమిళనాడులో ఇదే విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పెద్ద స్థలాల్లో 10 శాతం ఖాళీ జాగాను ఉచితంగా స్థానిక సంస్థకు రాసివ్వాలన్న నిబంధన చెల్లుతుందని 2023 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది.

ఎకరా అంటే ఎన్ని సైట్లు?

ఈ శాతాల మీద ఇంత గొడవ ఎందుకు? లెక్క వేస్తే తెలుస్తుంది. పదెకరాల లేఅవుటు తీసుకుందాం. 10 శాతమంటే ఒక ఎకరా. మన వాడుకలో 100 సెంట్లు, కర్ణాటక లెక్కలో 40 గుంటలు, అంటే 43,560 చదరపు అడుగులు. 30-40 సైటు 1,200 అడుగులు. పార్కు జాగాలో 36 సైట్లు పడతాయన్నమాట. రేటు పెరిగే కొద్దీ ఆ 36 సైట్ల మీద కన్ను పడకుండా ఉంటుందా?

ఇక జనం వైపు నుంచి చూద్దాం. రోడ్లు, సీఏ అన్నీ పోను సగం పైచిలుకు నేల సైట్లకు మిగిలితే దాదాపు 200 ఇళ్లు. ఇంటికి నలుగురైదుగురు లెక్కన 800 నుంచి వెయ్యి మంది. ఎకరా పార్కును పంచితే తలకు నాలుగైదు చదరపు మీటర్లు. రెండు మంచాలు వేసేంత చోటు! కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు నగరంలో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటున్నాయి. అన్ని రకాల పార్కులు, మైదానాలు కలిపి చెప్పిన లెక్క అది. అంటే లేఅవుటులో నిబంధన ప్రకారం పూర్తిగా వదిలినా అందులో సగం కూడా కాదు. అదీ మింగేస్తే?

శాతం సరే.. ఆకారం?

కాగితం మీద 10 శాతం చూపించి నేల మీద పనికిరాకుండా చేయడం ఇంకో ఎత్తు. ఎకరా జాగాను చదరంగా వదిలితే ఒక్కో పక్క సుమారు 208 అడుగులు వస్తుంది. పిల్లలు బంతాట ఆడొచ్చు, పెద్దలు చుట్టూ నడవొచ్చు. అదే ఎకరాను 15 అడుగుల వెడల్పు పట్టీగా చీలిస్తే 2,900 అడుగుల పొడవు.. కిలోమీటరుకు దగ్గర! లెక్కలో రెండూ ఎకరానే. ఆటకు మాత్రం రెండోది పనికిరాదు.

సైట్లు గీయగా మిగిలిన మూలలు, వాగు గట్టు, హైటెన్షన్ తీగల కింది పట్టీ, దారి లేని వెనక జాగా.. వీటికి ఆకుపచ్చ రంగు వేసి పార్కు అని చూపితే శాతం నిండుతుంది. ఉయ్యాల కట్టడానికి తావుండదు. అందుకే నక్షె చూసేటప్పుడు నాలుగు సంగతులు చూడాలి. పార్కు ఒక్క ముక్కగా ఉందా? కనీసం ఒక పక్క పబ్లిక్ రోడ్డు ఆనుకొని ఉందా? అన్ని ఇళ్లకూ నడిచిపోయే దూరంలో ఉందా? వర్షం నీళ్లు నిలిచే పల్లమా, మెరకా?

ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊరు మనది. చుట్టూ బండరాతి గుట్టలు. రాత్రి దాకా సెగ తగ్గదు. ఇలాంటి చోట చెట్లున్న జాగా సోకు కోసం కాదు. వాన పడితే నీళ్లు ఇంకే నేల కూడా అదే. మొత్తం సిమెంటు పరిస్తే బోర్లలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

పార్కు ఎవరిది?

చాలామందికి ఉన్న అపోహ ఇది. పార్కు జాగా లేఅవుటు వేసినవారిదేనని, వాళ్లు దయతలిచి వదిలారని అనుకుంటారు. కాదు. మంజూరైన ప్లానులో చూపిన రోడ్లు, పార్కులు, సీఏ సైట్లను డబ్బు తీసుకోకుండా రిజిస్టరు పత్రంతో స్థానిక సంస్థకు లేదా ప్రాధికారానికి అప్పగించాలి. మీరు కట్టిన సైటు రేటులోనే వాటి ఖరీదు కలిసి ఉంది. అప్పగింత కాగితం పడకపోతే పహణీలో పాత పేరే నడుస్తుంది. పదేళ్ల తర్వాత ‘మా జాగా’ అని వచ్చేది ఆ సందులోంచే.

1985లో కర్ణాటక ప్రత్యేకంగా పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ జాగాల పరిరక్షణ చట్టం కూడా తెచ్చింది. పార్కుల జాబితా తయారుచేసి కాపాడాల్సిన బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది.

బెంగళూరు కేసు.. అందరికీ పాఠం

పార్కు కోసం వీధివాళ్లు కోర్టుకెక్కి గెలిచిన కేసు మన రాష్ట్రంలోనే ఉంది. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు వదిలిన జాగాను 1976లో ఒక ట్రస్టుకు నర్సింగు హోం కట్టుకోవడానికి ఇచ్చారు. ముఖ్యమంత్రి ఆదేశమే ఉంది! ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదనా వచ్చింది. అక్కడి నివాసులు ఊరుకోలేదు. హైకోర్టులో మొదట ఓడారు. డివిజన్ బెంచిలో గెలిచారు. చివరికి 1991 జులైలో సుప్రీంకోర్టు కూడా నివాసుల పక్షమే నిలిచింది. పార్కు జాగాను ప్రైవేటు నర్సింగు హోంకు మార్చడం చెల్లదంది. ప్రశ్నించే హక్కు ఆ ప్రాంతంలో ఉండేవాళ్లకు ఉందని కూడా చెప్పింది. పదిహేనేళ్ల పోరాటం.. కానీ ఆ తీర్పు ఇవాళ్టికీ ప్రతి లేఅవుటుకూ అండ.

అక్రమ నిర్మాణాలను సక్రమం చేసే ‘అక్రమ-సక్రమ’ చట్టంలో సైతం పార్కులు, ఆటస్థలాలకు కేటాయించిన జాగాలోని కట్టడాలకు మినహాయింపు లేదు. ఆ పథకం అమలుకే 2017 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

‘రెవెన్యూ సైట్ల’ సంగతి

అసలు చిక్కు ఇక్కడే. వ్యవసాయ భూమిని మార్పిడి చేయించకుండా, ప్లాను మంజూరు లేకుండా రాళ్లు పాతి అమ్మేవాటిని ‘రెవెన్యూ సైట్లు’ అంటాం. అక్కడ ప్లానే లేదు కాబట్టి పార్కు అడిగే ఆధారమూ లేదు. ధర తక్కువని కొంటారు. తర్వాత అంగన్‌వాడీకి చోటుండదు, పెళ్లి పందిరి వేయాలన్నా రోడ్డు మీదే.

2025లో రాష్ట్ర ప్రభుత్వం పట్టణాల్లో అనధికార ఆస్తులకు బి-ఖాతా ఇచ్చే కార్యక్రమం చేపట్టింది. పన్ను కట్టడానికి అది పనికొస్తుంది. అంతేకానీ లేఅవుటుకు మంజూరు వచ్చినట్టు కాదు, లేని పార్కు వచ్చినట్టూ కాదు.

సైటు కొనేముందు ఇలా చేయండి

* బ్రోచరు చూసి అడ్వాన్సు ఇవ్వొద్దు. మంజూరైన నక్షె ధ్రువీకరణ ప్రతి అడగండి. నంబరు, తేదీ, సీలు చూడండి.

* కన్నడం రాకపోతే తెలిసినవారితో చదివించుకోండి. బడావణె అంటే లేఅవుటు. నివేశన అంటే సైటు. ఉద్యానవన అంటే పార్కు. ఆటద మైదాన అంటే ఆటస్థలం. నాగరిక సౌలభ్య నివేశన అంటే సీఏ సైటు. అనుమోదనె అంటే మంజూరు.

* పార్కు పక్క సైటయితే రిజిస్ట్రేషను పత్రంలో చక్కుబందిలో ‘తూర్పున పార్కు’ అని దిక్కు సహా రాయించండి. రేపు అదే సాక్ష్యం.

* 500 చదరపు మీటర్లు మించిన కొత్త లేఅవుటు రెరాలో నమోదై ఉండాలి. మంజూరైన ప్లాను అందులో చూసుకోవచ్చు. 2016 నాటి ఆ చట్టం ప్రకారం ఉమ్మడి జాగాల ప్లాను మార్చాలంటే మూడింట రెండొంతుల మంది కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి కావాలి.

* అప్పగింత పత్రం రిజిస్టరైందా లేదా సమాచార హక్కు కింద అడగొచ్చు. రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కర్ణాటకలో అర్జీ ఒకే విషయం మీద, 150 పదాల్లోపు ఉండాలని గుర్తుంచుకోండి.

* నలుగురు కలిసి సంఘం పెట్టుకోండి. పార్కు జాగాకు ముందు బోర్డు, తర్వాత కంచె, ఆ తర్వాత చెట్లు. ఖాళీగా పడి ఉన్న జాగా మీదే కన్ను పడుతుంది.

ఇక చిన్నాన్న వీధి కథ. నక్షె ప్రతి పట్టుకొని వీధి వీధంతా ఆఫీసుకు పోయింది. నోటీసు వచ్చింది, పని ఆగింది. పునాది రాళ్లు నాలుగు ఇంకా అట్లనే ఉన్నాయి. వాటి మధ్యలో వీధివాళ్లే రెండు వేప మొక్కలు, ఒక కానుగ నాటారు. ఉయ్యాల రాలేదు, బెంచీ రాలేదు. సాయంత్రమైతే ఆ పునాది రాళ్ల మీదే చిన్నాన్న, ఆయన ఈడు వాళ్లు కూర్చుంటున్నారు. పిల్లలు అదే చోట క్రికెట్ వికెట్లు పాతుకుంటున్నారు.