పిల్లులకు వచ్చు రొంప

ధాన్యపు బస్తాలున్న ఇంట పిల్లి యుండుట గృహస్థునకు మేలు. ఎలుకలు తినునది కొంత, పాడుచేయునది మరికొంత. వాని మూత్రము వలన మనుష్యులకు ఎలుకజ్వరము కూడ సోకును. ఇట్టి ఉపకారము చేయు జీవికి జబ్బు చేసినపుడు “పిల్లికేమి, అదే తేరుకొనును” అని ఊరకుండుట తగదు. హయాత్ బక్షీ బేగం పేరిట వెలసిన హయత్‌నగర్ నేడు హైదరాబాదు మహానగరములో కలిసిపోయినను, అచటి ఇండ్లలోను, ఇబ్రహీంపట్నము వైపు పల్లెలలోను పిల్లిని పెంచువారందరును ఈ వ్యాధిని గూర్చి తెలిసికొనవలసి యున్నది.

పదే పదే తుమ్ముట, ముక్కు కారుట, కండ్లు పుసులు కట్టుట, జ్వరము, ఆహారము మానుట దీని లక్షణములు. చలిగాలియే ఇందుకు కారణమని పలువురు భావింతురు. కాని అత్యధిక సందర్భములలో దీనికి మూలము హెర్పిస్, కాలిసి అను రెండు వైరసులు. మొదటిది కంటిలో పుండు చేయగలదు. రెండవది నాలుకపై పుండ్లు లేపును. ఇవి తుమ్ము తుంపరల వలన, ఒకే పళ్ళెము వలన, మన చేతుల వలన ఒక పిల్లినుండి మరియొకదానికి ప్రాకును. హెర్పిస్ సోకిన పిల్లి కోలుకొన్నను, వైరసు దాని శరీరమందే దాగియుండి, బెదురు కలిగినపుడు మరల తలయెత్తును. ఈ రెండును మనుష్యులకు సోకవు.

జబ్బు చేసిన పిల్లిని ఇతర పిల్లులకు దూరముగా, వెచ్చని గదిలో ఉంచవలెను. అర లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చిన్న చెంచా ఉప్పు కలిపి, దూదితో కండ్లను, ముక్కును తుడువవలెను. పిల్లి వాసన పట్టి తినును గనుక, ముక్కు మూసుకొనిన ఆహారము ముట్టదు. ఉడికించిన చేపను గాని, కోడిమాంసమును గాని గోరువెచ్చగా పెట్టినచో వాసన తెలిసి తినును. అందులో ఉల్లి, వెల్లుల్లి వేయరాదు. అవి పిల్లికి హానికరములు.

మనము మ్రింగు పారాసిటమాల్ బిళ్ళను ఎన్నడును ఈయరాదు. ఒక్క బిళ్ళయే పిల్లి ప్రాణము తీయగలదు. కర్పూరము, నీలగిరి తైలము పూయరాదు. పిల్లి తిరుగు నేలను ఫినాయిలుతో కడుగుటయు ప్రమాదమే. పాదములకంటిన దానిని అది నాకును. పళ్ళెములను సబ్బుతో కడిగి ఎండబెట్టవలెను.

ఒక దినము తినకున్నను, నోరు తెరచి ఊపిరి పీల్చుచున్నను, కన్ను తెరువలేకున్నను వెంటనే పశువైద్యునికి చూపవలెను. కూనల విషయమున గంటల ఆలస్యమైనను ముప్పు తెచ్చును. యాంటీబయాటిక్ మందులు వైరసును చంపవు. తరువాత చేరు బాక్టీరియాకు వైద్యుడు అవసరమని తలచినపుడే వాడవలెను.

టీకా వేయించుట ఉత్తమ మార్గము. కూనకు 6 నుండి 8 వారముల వయసున మొదలిడి, 16 వారములు నిండువరకు 3, 4 వారములకొకసారి వేయింతురు. పిమ్మట వైద్యుడు చెప్పిన గడువున మరల వేయింపవలెను. టీకా వ్యాధిని పూర్తిగా ఆపకపోవచ్చును. కాని దాని తీవ్రతను తగ్గించి కూనల ప్రాణములు నిలుపును.